మామగారి తారీఖు

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. చిన్నప్పుడు హొళగుందలో మా అమ్మ, దీని కాళ్ళ కింద ఎవరు నిప్పులు పోశారో అని కన్నడంలో తిట్టేది. పెద్దయ్యాక బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే చెప్పేదాన్ని. అలాంటి దాన్ని తీసుకొచ్చి ఆదోనిలో పంచాంగం గణించే ఇంట్లో కోడలిని చేశారు. ఆ ఇంట్లో ఏ పనీ పరుగున జరిగేది కాదు. తినే ముందు ఆచమనం, తిన్నాక ఆచమనం, బయటికి కాలు పెట్టాలంటే వర్జ్యం. పెళ్ళయిన కొత్తలో నేను బడికి వేళవుతోందని చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడితే, మామగారు లోపలి నుంచి, "రోంతసేపు తాళమ్మా, దుర్ముహూర్తం పోనీ" అనేవారు. ఆ రోంతసేపూ నాకు ఒంటి మీద జెర్రులు పాకినట్టుండేది. బడి గంట దుర్ముహూర్తం చూసుకుని మోగదు కదా.

మామగారు గుళ్ళో అర్చకులు. దానితో పాటు ఏటా ఒక చిన్న పంచాంగం గణించి ఎమ్మిగనూరులో అచ్చు వేయించేవారు. బజారులో అమ్మే పెద్ద పంచాంగాల పక్కన పెడితే అది అరచేతిలో పట్టేంత. అయినా ఆదోని, ఎమ్మిగనూరు, అటు తుగ్గలి వైపు పల్లెల్లో గుళ్ళవాళ్ళూ, విత్తనం వేసే రైతులూ దాన్నే అడిగి కొనేవాళ్ళు. ఉరుకుంద జాతరకు పోయే బస్సుల్లో కూడా దాన్ని తిరగేస్తూ కూర్చున్న ముసలివాళ్ళను చూశాను. అది ఎక్కడో దూరపు ఊళ్ళ పొద్దుకు కాకుండా మన ఊరి పొద్దుకు కట్టిన లెక్క. దాని గొప్పంతా అదే.

పొద్దుతో ఇంత పట్టింపు ఎందుకంటే, ఏకాదశి కోసం. మా ఇళ్ళలో ఏకాదశి ఉపవాసం ఆషామాషీ వ్యవహారం కాదు. సూర్యోదయానికి ముందు నాలుగు గడియల వేళకు, అంటే గంటన్నర పైచిలుకు ముందు, ఇంకా దశమి తిథి మిగిలి ఉంటే, ఆ రోజు ఉపవాసం పనికిరాదు. మర్నాడు ఉండాలి. ఒక్కోసారి రెండు మూడు నిమిషాల్లో ఆ తేడా తేలిపోతుంది. అందుకని మా ఊళ్ళో పొద్దు ఎప్పుడు పొడుస్తుందో నిక్కచ్చిగా తెలియాలి.

ఎనభైల చివరికి వచ్చేసరికి మామగారి కళ్ళలో పొర కమ్మింది. కర్నూలు డాక్టరు, ఇంకా ముదరాలి, ముదిరితే గానీ ఆపరేషన్ చేయలేం అన్నాడు. ఆ ఏడు ఆయన గణితంలో ఒక అంకెను ఇంకో అంకెగా చదివారు. తొలి ఏకాదశి ఒక రోజు ముందుకు జరిగింది. మా వీధి వీధంతా ఆ రోజే ఉపవాసం ఉంది. సాయంత్రం ఎందుకో అనుమానమొచ్చి, పలక మీద సుద్దతో పెద్ద పెద్ద అంకెలు వేసి మళ్ళీ లెక్క చూసుకుని, మామగారు తల పట్టుకుని కూర్చున్నారు. "పొరపాటైంది. ఏకాదశి ఈ పొద్దు కాదు, రేపు" అన్నారు అత్తతో.

అత్త మర్నాడు ఉపవాసం విడవడానికి తీసి పెట్టిన బియ్యం మళ్ళీ డబ్బాలో పోసింది. ఆ రోజు మంచినీళ్ళు ముట్టలేదు కదా, మర్నాడూ ముట్టలేదు. మూడో నాడు తెల్లవారి ఉపవాసం విడిచే పారణకు నీళ్ళు తోడబోయి బావి గట్టు మీద కూలబడిపోయింది. బిందె దొర్లిన చప్పుడుకు నేను పరుగెత్తాను. కళ్ళు తేలేసి ఉంది. మొహాన నీళ్ళు కొట్టి, నోట్లో ఇన్ని పాలు పోశాక లేచింది. లేచి, ఏమీ జరగనట్టు వంటింట్లోకి పోయి పారణకు విస్తళ్ళు వేసింది. ఆయన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటేనే బాగుండేదేమో. మామగారు ఆ పూట విస్తరి ముందు కూర్చుని, "ఇంకొక్క పంచాంగం వేస్తానమ్మా. తప్పు లేకుండా ఒకటి వేసి ఆపేస్తా. తప్పుతో మాత్రం ఆపలేను" అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు. నేను దగ్గర ఉన్నాను కాబట్టి నాతోనే అన్నట్టు తీసుకున్నాను.

అలా ఆ యంత్రం మా ఇంటికి వచ్చింది. మా మరిది బెంగుళూరులో ఒక కంపెనీలో పని చేసేవాడు. వాళ్ళు కొత్త కంప్యూటర్లు కొనుక్కుని పాతవి తీసేస్తుంటే, ఒకటి అడిగి తెచ్చి, పత్తి లారీ మీద ఆదోనికి వేయించాడు. ఎండాకాలం సెలవుల్లో నేను బళ్ళారిలో ఉండి ప్రోగ్రాములు రాయడం కాస్త నేర్చుకుని ఉన్నాను. తిథుల లెక్క యంత్రం చేత చేయిస్తే మామగారు కళ్ళు పొడుచుకోనక్కర లేదని మా ఆలోచన. బరువైన పెట్టె, దాని మీద పచ్చటి అక్షరాల తెర, పక్కన స్టెబిలైజరు, ఒక పాత ప్రింటరు. చూడటానికి వీధంతా వచ్చింది. ఎదురింటి ఆమె, "జాతకం కూడా సెప్తాదా?" అని అడిగింది. చెప్తుంది గానీ అంత దాకా మనం బతికి ఉండాలి అన్నాను. అప్పటికే దాని నడక చూశాను కాబట్టి.

ఎంత నెమ్మది అంటే, పొద్దున స్విచ్ వేస్తే అత్త కుంపటి రాజేసి, కాఫీ కాచి, అందరికీ పోసి, గ్లాసులు కడిగే వేళకు అది కళ్ళు తెరిచేది. ఒక నెల తిథులు లెక్క కట్టమంటే సాయంత్రమంతా గుర్రుగుర్రుమంటూ కూర్చునేది. నేను దాని ముందు కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. వంటింట్లోకి, పెరట్లోకి, మళ్ళీ తెర దగ్గరికి. ఒక్కోసారి పెట్టె మీద చేత్తో ఒకటి ఇచ్చేదాన్ని కూడా. మూత విప్పి చూస్తే లోపల పత్తి నూగు ఇంతెత్తున పేరుకుని ఉంది. ఆదోని పత్తి మిల్లుల ఊరు, ఏది విప్పినా అదే ఉంటుంది. అంతా ఊది శుభ్రం చేశాను. ఏమీ మారలేదు. మా ఆయన కుర్చీలో పేపరు చదువుకుంటూ, "అది నెమ్మదిగా లేదు, నువ్వు తొందరగా ఉన్నావు" అనేవారు. ఆ మాటకు నాకు ఎక్కడ లేని మంటా వచ్చేది.

మామగారికి మాత్రం దానితో పేచీ లేదు. ఆయన కోసం తెర మీద అక్షరాలు పెద్దవి చేసి పెట్టాను. తెల్లవారుజామున, స్నానానికి ముందు, ఆయన దాని ముందు కూర్చుని భూతద్దంతో చూసుకునేవారు. స్నానం చేసి మడి కట్టుకున్నాక దాన్ని ముట్టుకోకూడదు, గుడి నుంచి వచ్చేసరికి ఎండెక్కుతుంది, కరెంటు పోతుంది. అందుకని ఆ వేళే ఆయనది. ఏదో చూసుకుంటున్నారు, నేర్చుకుంటున్నారు అనుకున్నాను. మొదట్లోనే ఖచ్చితంగా చెప్పాను: "మామా, నా ఫైళ్ళలో మాత్రం వేలు పెట్టొద్దు. కావాలంటే మీకు వేరే కాపీ తీసుకోండి." సరేనమ్మా అన్నారు. అంతటితో ఆ సంగతి నేను మరిచిపోయాను.

శివరాత్రి దగ్గరపడింది. ఎమ్మిగనూరు ప్రెస్సు యజమాని ఒక మనిషి చేత కబురు పంపాడు. ఈసారి శివరాత్రి లోపల కాగితాలు చేతికి రాకపోతే ఉగాదికి వేరే ఎవరిదో పంచాంగం వేసుకుంటానని. ఇంకా సగం నెలల కాగితాలు ప్రింటు తీయనే లేదు. నేను పోస్టాఫీసుకు పోయి బెంగుళూరుకు ట్రంకు కాల్ చేసి మరిదిని పట్టుకున్నాను.

"వదినా, అది ఆఫీసులో వాడి వాడి వదిలేసింది. లోపలంతా వాళ్ళ చెత్త నిండిపోయింది, ఆన్ చేసినప్పుడల్లా ఆ పాత ప్రోగ్రాములన్నీ లేస్తాంటాయి" అన్నాడు. "ఒకటే మందు. డిస్కు మొత్తం చెరిపేసి యంత్రాన్ని నడిపే డాస్ ప్రోగ్రాము మళ్ళీ కొత్తగా ఎక్కించు. డాస్ ఫ్లాపీలు డబ్బాలోనే ఉండాయి. నీ ఫైళ్ళు మాత్రం ముందు ఫ్లాపీలోకి తీసి పెట్టుకో. చెరిపినాక మళ్ళీ రావు."

ఇంటికొచ్చి చెప్తే మామగారి మొహం మారిపోయింది. చెరిపేయడం అన్న మాటే ఆయనకు గిట్టలేదు. పలక చెరపాలన్నా ముందు కళ్ళకద్దుకునే మనిషి. కాసేపు ఆలోచించి, "చెరిపేదానికైనా మంచి గంట ఉండల్ల" అన్నారు. వేళ్ళ మీద లెక్కేసుకుని శుక్రవారం పెట్టారు. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వస్తుంది, ఆ లోపల మొదలుపెట్టాలి. నేనైతే ఆ మంగళవారమే చేసేసేదాన్ని. బుధ, గురువారాలు ఎలా గడిపానో నాకే తెలియదు. ఏమీ తోచక గురువారం సాయంత్రం నా పన్నెండు నెలల ఫైళ్ళూ ఒకసారి తిరగేసి మళ్ళీ సేవ్ చేశాను.

శుక్రవారం బడికి సెలవు పెట్టాను. ఆ రోజు గుళ్ళో అభిషేకం. మామగారు మడి కట్టుకుని బయల్దేరుతూ, "నేను వచ్చేదాకా కూసోబాకమ్మా. వేళ దాటనీయొద్దు" అన్నారు. కూర్చోవద్దని నాకు ఎవరైనా చెప్పాలా.

డబ్బాలో డాస్ ఫ్లాపీలు కాక ఖాళీవి నాలుగు ఉన్నాయి. మూడింటికి బూజు పట్టింది. ఒక్కటే పని చేసింది. అందులో పన్నెండు నెలల ఫైళ్ళు ఒక సెట్టు పడతాయి, రెండో సెట్టుకు చోటు లేదు. డిస్కులో చూస్తే రెండు సెట్లు కనబడ్డాయి. ఒకటి నాది, ఒకటి మామగారు తీసుకున్న కాపీ. ఏది తాజాదో చూశాను. రెండింటికీ గురువారం తారీఖే. ఆయనవి తెల్లవారుజామున సేవ్ చేసినవి, నావి సాయంత్రం చేసినవి. నావే కొత్తవి. ఇంక ఆలోచించడానికేముంది? గడియారం పది దాటింది. నావి, లెక్క కట్టే ప్రోగ్రాముతో సహా, ఫ్లాపీలోకి ఎక్కించి, ఫార్మాట్ కొట్టాను. డిస్కులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది. సరే అన్నాను.

ఆ పైన డాస్ ఎక్కించడం పెద్ద పని కాదు. ఒక ఫ్లాపీ పెట్టు, తీయి, ఇంకొకటి పెట్టు. పదకొండు లోపలే అయిపోయింది. నా ఫైళ్ళు తిరిగి ఎక్కించి, ఆపి మళ్ళీ వేశాను. అత్త కాఫీ గిన్నె కుంపటి మీద పెట్టేలోపు తెర మీద అక్షరాలొచ్చాయి. ఒక నెల లెక్క కట్టమన్నాను. నేను తిరగడానికి లేచి వంటింటి గడప దాకా పోయానో లేదో, అయిపోయింది. ఒట్టు, నా జన్మలో ఆ రోజంతగా ఎప్పుడో గానీ సంతోషపడలేదు. అత్తను చేయి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. "అబ్బ, నీకు తగింది దొరికింది చూడు" అని నవ్వింది.

మామగారు తీర్థం తీసుకుని వచ్చారు. సంగతి విని మొహం విప్పారింది. మడి విడిచి వచ్చి, పక్కన చాప మీద కూర్చుని, "ఏదీ, ఆ తొలి ఏకాదశి తీసి చదువమ్మా" అన్నారు. తీశాను. దశమి ఎప్పుడు ముగుస్తుందో, పొద్దు ఎప్పుడు పొడుస్తుందో గడగడా చదివి, "ఆ నాలుగు గడియలను దశమి తాకలేదు మామా. ఏకాదశి శనివారం" అన్నాను.

ఆయన తల పక్కకు వంచి విన్నారు. "కాదే" అన్నారు నెమ్మదిగా. "తాకింది. ఏకాదశి ఆదివారం. నేను దిద్దినా కదా."

"ఏం దిద్దారు?"

"నీ లెక్కలో పొద్దు బెంగుళూరుది పెట్టినావు. అక్కడి నుంచి మావాడు పంపిన పొద్దుల పట్టీ నుంచి తీసుకున్నావు గదా. ఆ కాలంలో మనకు పొద్దు బెంగుళూరు కన్నా ముందు పొడుస్తాది, ఆ నాలుగు గడియలూ ముందుకు జరిగి దశమి మీద పడతాయి. ప్రతి దినానిదీ పలక మీద లెక్కేసి, నా కాపీలో దిద్దుకుంటా వచ్చినా. ఈ తెల్లారుజామునే ఆఖరిది అయిపోయింది. అన్నీ ఒకసారి తిప్పి దాచినా."

నేను తెర వైపు తిరిగాను. "ఈ పొద్దా? మీ ఫైళ్ళకు నిన్నటి తారీఖుంది మామా. నిన్నటి తెల్లవారుజాము అని ఉంది."

"అవును."

"యంత్రం ఆన్ చేసినప్పుడు తారీఖు అడుగుతుంది కదా. మీరు ఏం కొడతారు?"

"ఆ దినం తారీఖే కొడతా."

"ఈ పొద్దు శుక్రవారం కదా. శుక్రవారానిది కొట్టలేదా?"

ఆయన నా వైపు తిరిగారు. ఆ పొరలు కమ్మిన కళ్ళతో నేను ఏం అడుగుతున్నానో అర్థం కానట్టు చూశారు. "నేను కూసున్నప్పుడు ఇంకా పొద్దు పొడవలేదు కదమ్మా. తెల్లారకుండా కొత్త దినం యాడిది?"

ఆ యంత్రంలో తనంతట తారీఖు గుర్తుంచుకునే బ్యాటరీ లేదు. లేచినప్పుడల్లా మనిషిని అడుగుతుంది, మనిషి ఏం చెప్తే అదే నమ్ముతుంది. యంత్రానికి దినం అర్ధరాత్రి మారుతుంది. బడికీ, బ్యాంకుకీ, నాకూ అంతే. మామగారికి సూర్యుడు పైకి వస్తే గానీ మారదు. పుట్టినప్పటి నుంచీ అంతే. పంచాంగం ఇంటి కోడలిని, నాకు తెలియని సంగతి కాదు. కానీ ఆ రెండూ ఒక పెట్టెలో వచ్చి ఢీకొంటాయని నాకు తట్టలేదు. శుక్రవారం తెల్లవారుజామున ఆయన చేసిన పని మీద గురువారం ముద్ర పడింది. నేను దాన్ని పాతది అనుకున్నాను. పలక మీది లెక్కలు ఏ రోజువి ఆ రోజే తుడిచేశారు. యంత్రంలో ఉన్నాయన్న ధైర్యంతో.

నాకు ఏడుపొచ్చింది. కోపంలో వచ్చే ఏడుపు. "ఇన్ని నాళ్ళు చేస్తూ ఒక్క మాటైనా చెప్పారా నాకు? పక్క గదిలోనే కదా పడుకున్నాను. పిలిస్తే రానా?" అని మామగారి మీద అరిచాను. అంతకు ముందెప్పుడూ ఆయన ముందు గొంతు లేపలేదు.

"చెప్పాల్నంటే నువ్వు కూసోవల్ల గదమ్మా" అన్నారు. కోపంగా కాదు. ఉన్న మాట అన్నట్టుగా అన్నారు. "పొద్దు గురించి చెప్పబోతే రెండు మూడుసార్లు లేచిపోయినావు. సరే, పూర్తి చేసి చూపిస్తాంలే అనుకున్నా."

అత్త గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. మామగారు చాప మీద చేతులు ఆనించి లేచి, "ఈ ఏడు వద్దులే" అన్నారు. "ప్రెస్సాయనకు చెప్పిపంపు. మళ్ళా అంతా దిద్దల్లంటే నా కండ్లకు శక్తి లేదు. తప్పుది వెయ్యను." లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ మనిషి పగటి పూట పడుకోవడం నేను అంతవరకు చూడలేదు.

నేను ఇంట్లో ఉండలేకపోయాను. చెప్పులేసుకుని బస్టాండుకు పోయి ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఏ వర్జ్యమో ఏ దుర్ముహూర్తమో, ఎవరూ ఆపలేదు. దారిపొడవునా కిటికీ కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాను, సీటు ఖాళీగా ఉన్నా. ప్రెస్సులో పెళ్ళి పత్రికలు అచ్చవుతున్నాయి. యజమాని చేతికి సిరా పూసుకుని వచ్చాడు.

"సామి పంచాంగం లేకుంటే మాకూ బాగుండదమ్మా" అన్నాడు. "కానీ టైపు కూర్సేదానికి నాకు టయిం కావల్ల. శివరాత్రి మర్నాడు మొదుటి బస్సుకు తెచ్చిస్తారా? ఆ పొద్దు రాకుంటే మాత్రం నేను ఇంకొకాయనది ఎత్తుకుంటా. మళ్ళా నన్ను అనొద్దు."

తెచ్చిస్తాను అన్నాను. అన్నాక తిరుగు బస్సులో భయం పట్టుకుంది. శివరాత్రి సోమవారం. మామగారు ఎన్నో వారాలు కూర్చుని దిద్దింది నేను మూడు రోజుల్లో ఎలా దిద్దుతాను?

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. మామగారు అలాగే పడుకుని ఉన్నారు. ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. "మామా, ఊరి పొద్దు ఎలా కడతారో నాకు చెప్పండి. మొదటి నుంచి చెప్పండి. నేను లేవను" అన్నాను.

ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగారు. తర్వాత మెల్లగా మొదలుపెట్టారు. ఉత్తరానికి పోయేకొద్దీ ఎండాకాలంలో పొద్దు ముందు పొడవడం, చలికాలంలో వెనక పొడవడం, ఆ తేడా ఏడాది పొడవునా పెరుగుతూ తరుగుతూ పోవడం. ఆయన చెప్పే పేర్లు వేరు, కానీ కాసేపటికి నాకు అందులో నేను బడిలో చెప్పే లెక్కే కనబడింది. రెండు మూడుసార్లు కాళ్ళు లాగాయి. చీర కుచ్చెళ్ళు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. ఆయన రోజుకొకటి చొప్పున పలక మీద వేసిన దాన్ని ప్రోగ్రాములో ఒక సూత్రంగా పెట్టొచ్చు. పాత నడకతో అయితే అది పెట్టినా లాభం ఉండేది కాదు, శివరాత్రి కాదు గదా ఉగాది దాకా గుర్రుమంటూనే ఉండేది. ఇప్పుడు యంత్రం పరుగెత్తుతోంది.

శనివారం కరెంటు ఉన్నంతసేపూ సూత్రం రాశాను. యంత్రం పన్నెండు నెలలూ లెక్క కట్టేసింది. కానీ తిథి రెండు రోజులకు సాగినప్పుడూ, ఒకే రోజులో మునిగినప్పుడూ ఏది ఎప్పుడు ఆచరించాలో నిర్ణయించడం యంత్రానికి తెలియదు. అది మామగారి పని. భూతద్దంతో అన్నీ ఆయన చూసేంత వ్యవధి లేదు కాబట్టి నేను చదవాలి. ఆదివారం తెల్లవారుజామున ఆయన వేళకే ఇద్దరం కూర్చున్నాం. యంత్రం తారీఖు అడిగింది. ఏది కొట్టాలా అని ఆయన వైపు చూశాను. "నీ ఇష్టమొచ్చింది కొట్టుకో" అని నవ్వారు. శనివారానిదే కొట్టాను.

నేను చదవడం, ఆయన కళ్ళు మూసుకుని ఊఁ కొట్టడం. నేను ఒక తిథి మీద నుంచి ఇంకో తిథి మీదికి ఉరికితే, "ఆగు" అనేవారు. ఆలోచించి, సరే, పోనీ అనేవారు. మళ్ళీ నాలుగు చదివానో లేదో, "ఆగు." మొదటి రెండు నెలలకు నాకు పళ్ళు నూరుకోవాలనిపించింది. తర్వాత తర్వాత ఆయన ఆగు అనబోయే చోట నేనే ఆగడం మొదలైంది. అలాంటప్పుడు ఆయన కనుబొమలు కొంచెం లేచేవి. ఆషాఢం వచ్చింది. దశమి చదివాను, పొద్దు చదివాను. దశమి తాకింది. "ఏకాదశి ఆదివారం" అన్నాను. మామగారు వంటింటి వైపు తిరిగి, వినబడేలా, "ఆదివారం" అని ఇంకోసారి అన్నారు.

శివరాత్రి నాడు కూడా ఉపవాసంతోనే చదివాం. మర్నాడు మొదటి బస్సుకు, ప్రింటు తీసిన అంకెల పక్కన నేను చేత్తో తెలుగు రాసిన కాగితాలతో ఎమ్మిగనూరులో దిగాను. ప్రెస్సాయన ఇంకా తలుపులు తీయలేదు. అరుగు మీద కూర్చుని ఉన్న నన్ను చూసి, "వచ్చేసినారా" అన్నాడు. ఉగాదికి పంచాంగం వచ్చింది. గుళ్ళో పంచాంగ శ్రవణం నాడు మామగారు కంఠతా చదివారు. పుస్తకం చేతిలో ఉంది గానీ దాన్ని చూడలేదని నాకూ అత్తకూ తెలుసు.

ఆషాఢం వచ్చేసరికి గొడవ మొదలైంది. బజారులో అమ్మే పెద్ద పంచాంగాలన్నీ తొలి ఏకాదశి శనివారం అన్నాయి. మాది ఒక్కటే ఆదివారం అంది. వీధిలో వాళ్ళు పోయిన ఏడు సంగతి మరిచిపోలేదు. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు గానీ, శుక్రవారం సాయంత్రం ఎదురింటి ఆమె, "మేము శనివారమే ఉంటాము లేమ్మా, ఏమనుకోవద్దు" అని చెప్పి పోయింది. ఆ రాత్రి మామగారు సరిగా నిద్రపోలేదు, మంచం కిర్రుమంటూనే ఉంది. నేనూ నిద్రపోలేదు. పన్నెండు నెలల్లో ఎక్కడైనా ఒక అంకె తప్పు కొట్టి ఉంటానా అని నాకు నేనే లెక్కలు వేసుకుంటూ పడుకున్నాను.

శనివారం ఇంకా చీకటి ఉండగానే అత్త లేచింది. స్నానం చేసి, మడి కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. కుంపటిలో బొగ్గులు వేసి ఉన్నాయి, అగ్గిపెట్టె చేతిలో ఉంది. మామగారి మంచం వైపు తిరిగి, "ఏమండీ, ఈ పొద్దు వండేదా వద్దా?" అని అడిగింది. పోయిన ఏడు తర్వాత ఆమె ఆయన్ని ఏకాదశి గురించి అడగడం అదే మొదలు.

"నన్నెందుకు అడుగుతావు?" అన్నారు మామగారు చీకట్లోంచి. "పంచాంగం కోడలిది. దాన్నడుగు."

అత్త నా వైపు తిరిగింది. జవాబు నా నాలుక చివరనే ఉంది. ఐదు నెలలుగా ఉంది. నోరు తెరిచి, వీధి తలుపు వైపు చూశాను. బయట ఇంకా మసకగానే ఉంది.

"ఆగండత్తా" అన్నాను. "ఇంకా తెల్లారలేదు."

వెళ్ళి తలుపు తీసి గడప మీద కూర్చున్నాను. వీధిలో ఎవరి ఇంట్లోనూ పొయ్యి రాజలేదు, ఎక్కడా పొగ లేదు. వెనకాల అత్త అగ్గిపెట్టె పట్టుకుని అలాగే నిలబడి ఉందని తెలుసు. లేవలేదు. ఊరి పక్క కొండ మీద వెలుగు పడి, ఎదురింటి గోడ ఎర్రగా అయ్యేదాకా కూర్చుని, అప్పుడు లోపలికి తిరిగి, "వండండి. ఏకాదశి రేపు" అన్నాను.

అత్త అగ్గిపుల్ల గీసింది.